ఒక్కటే మాత్ర

సంగీత ఆ ఇంట్లో పనికి కుదిరిన తొమ్మిదో రోజు పొద్దున, ఆదెమ్మను కుర్చీకి కట్టేసి ఉండగా చూసింది.

తాడుతో కాదు, పాత నేత తువ్వాలుతో. నడుము చుట్టూ తిప్పి కుర్చీ వెనక రెండు ముళ్లు వేశారు. కట్టినవాళ్లకు కోపం లేదని ఆ కట్టే చెబుతోంది. పొట్ట దగ్గర ఒరుసుకోకుండా మెత్తటి చీరముక్క మడిచి అడ్డం పెట్టారు. కాఫీ గ్లాసు ఒళ్లోకి ఒరిగిపోయి చీర మీద మరక పాకుతోంది. ఆదెమ్మ దాన్ని చూస్తోంది కానీ చెయ్యి లేపడం లేదు.

"అత్తయ్య మళ్లీ తూలింది సంగీతా, గడప దగ్గర. సమయానికి పట్టుకున్నాను కాబట్టి సరిపోయింది," కోడలు భారతమ్మ వంటింట్లోంచే చెప్పింది. "ఆయనేమో గెలలు కోయించడానికి తోటకెళ్లారు. నేనొక్కదాన్ని పొయ్యి చూడనా, ఈమెను చూడనా? నువ్వొచ్చేదాకా కట్టాను."

సంగీత చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని వచ్చి ముళ్లు విప్పింది. ఆదెమ్మ నాలుక మందంగా మెదిలింది.

"ఏమనుకోకమ్మా... నా వల్ల అందరికీ పనే."

తనను కట్టినవాళ్ల తరఫున తనే మాట్లాడుతోంది. సంగీత తువ్వాలు మడిచి పక్కన పెట్టి, తడిగుడ్డతో ఆమె చేతులు తుడిచింది. వేళ్లు చల్లగా ఉన్నాయి. నోరు తెరిపించి చూస్తే నాలుక ఎండుటాకులా ఉంది.

బూర్గంపాడు రోడ్డు నుంచి లోపలికి, చుట్టూ పామాయిల్ తోటలు, వాటి వెనక టేకు అడవి. ఆ తోటల మధ్య ఇల్లు వెంకటరామారావుది. నాలుగు కిలోమీటర్ల అవతల తండా నుంచి సంగీత రోజూ షేర్ ఆటోలో తొమ్మిదింటికి వచ్చి, ఆరింటికి పోతుంది. ఖమ్మంలో ఆరు నెలలు పేషెంట్లను చూసుకునే ట్రైనింగ్ చేసింది. పనిలో పెట్టుకునేటప్పుడు వెంకటరామారావు ఒకటే మాట చెప్పాడు. "అమ్మకి డెబ్బై ఆరు. మతిమరుపు జబ్బు. పడిపోకుండా చూస్తే చాలు."

పడిపోకుండా చూడటం సంగీతకు కష్టం కాదు. ఆ మతిమరుపే ఆమెకు కొరుకుడు పడటం లేదు.

పొద్దునంతా ఆదెమ్మ మబ్బులో ఉన్నట్టుంటుంది. సంగీతను ఒకసారి సరోజినీ అంటుంది, ఒకసారి సిస్టరమ్మా అంటుంది. పదకొండు దాటాక ఆ మబ్బు కొంచెం కొంచెంగా విడుస్తుంది. ఆ రోజూ అలాగే విడిచింది. వసారాలో కూర్చోబెట్టి తల దువ్వుతుంటే, ఎదుట తోటలో కూలీలు పొడుగాటి గెడకు కట్టిన కొడవలితో గెలలు కోస్తున్నారు. ఆదెమ్మ కళ్లు చికిలించి చూసింది.

"ఆ మూడో వరసలో చెట్టు కిందకి వెళ్లి చూడు పిల్లా. పళ్లు రాలాయా?"

సంగీత వెళ్లి చూసి వచ్చింది. "లేవమ్మమ్మా. ఒక్కటి గూడ రాలలే."

"మరి రాలనిదే కోస్తారేంటి? పచ్చి గెల అది. ఫ్యాక్టరీవాళ్లు పక్కకి నెట్టేస్తారు. మావాడు ఎక్కడ చూస్తన్నాడో ఏంటో!" అని, మళ్లీ తన తల సంగీత చేతులకు అప్పగించింది. "చిక్కు దగ్గర గట్టిగా లాగమాకమ్మా."

మధ్యాహ్నం అన్నం తిన్న అరగంటకు ఆ మాటే ఎరగనట్టు అయిపోయింది. తల ఒక పక్కకు వాలింది. చొంగ కారింది. మర్నాడు వెంకటరామారావు భోజనం ముందు కూర్చుని, లోడులో ఇన్ని గెలలు పచ్చివని ఏరి పక్కన పడేశారని విసుక్కుంటుంటే, సంగీత నీళ్ల చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

మతి పోయిన మనిషికి పండిన గెల ఏదో పచ్చి గెల ఏదో ముప్పై గజాల దూరం నుంచి ఎలా తెలుస్తుంది? తెలిసిన మతి అరగంటలో ఎక్కడికి పోతుంది?

ఆ రోజే, స్నానం చేయిస్తుంటే, దొరికింది. చీర కుచ్చిళ్లు విప్పబోతే ఆదెమ్మ రెండు చేతులతో రొండిని గట్టిగా పట్టుకుంది. అంత బలం ఆమె చేతుల్లో సంగీత ఎప్పుడూ చూడలేదు.

"నేను విప్పుకుంటాలే. నువ్వటు తిరుగు."

తిరిగింది. కానీ తడి గచ్చు మీద కాలు జారి ఆదెమ్మ ముందుకు తూలింది. సంగీత పట్టుకుంది. రొండిన దోపుకున్న చిన్న గుడ్డ సంచి గచ్చు మీద పడింది. మూతి విప్పుకుని అందులోంచి గులాబీరంగు మాత్రల అట్టలు రెండు బయటికొచ్చాయి. ఒకటి పూర్తిగా ఖాళీ. రెండో దాంట్లో నాలుగు మిగిలాయి.

"గివేందమ్మమ్మా?"

ఆదెమ్మ నీళ్లకేసి చూసింది. "నరాల మాత్రలు. ఊళ్లో సూదులేసే రామ్‌చందర్ ఇస్తాడు. పాలు పోసే పోతయ్య తెచ్చిపెడతాడు. గుండె దడగా ఉంటే ఒకటి వేసుకుంటా. అంతే."

"సారుకు ఎరుకేనా?"

"చెప్పమాకమ్మా." ఆదెమ్మ తడిచేత్తో సంగీత మణికట్టు పట్టుకుంది. "వాడికి తెలిస్తే బాధపడతాడు. నాకు రాత్రిళ్లు మెలకువొస్తే మళ్లీ కన్ను మూతపడదు. లేచి తిరిగితే కోడలు లేస్తది. పాపం, పగలంతా చేసి చేసి పడుకుంటది. నేను కదలకుండా పడుకుంటే అందరూ నిద్రపోతారు. అందుకని వేసుకుంటా. నీకు పుణ్యం ఉంటది, చెప్పమాక."

"చెప్పను," అంది సంగీత. అనకుండా ఉండాల్సిందని తరవాత అనుకుంది కానీ, నీళ్లు కారుతున్న ఆ ముసలి మొహం ముందు ఇంకో మాట రాలేదు.

ఆదెమ్మ నిద్రలోకి జారాక, సంగీత గూట్లో ఉన్న వెంకటరామారావు మందుల డబ్బా దించింది. రోజూ రాత్రి తల్లికి ఆయన తన చేత్తో ఇచ్చే నిద్రమాత్ర ఖమ్మం డాక్టరు రాసింది. తెల్ల అట్ట. గులాబీ అట్ట పక్కన పెట్టి చూసింది. పెద్ద అక్షరాల పేర్లు వేరు. కంపెనీలు వేరు. అట్ట తిప్పి, వెలుతురు తగిలేలా కిటికీ దగ్గర పట్టుకుని, పేరు కింద చీమ తలకాయలంత అక్షరాలను గోటితో ఒక్కొక్కటీ జరుపుకుంటూ చదివింది. ఇంగ్లిషు ఆమెకు నెమ్మదిగా వస్తుంది. ఒకసారి చదివి, నమ్మకం కుదరక ఇంకోసారి చదివింది. రెండింటి మీదా ఒకే మందు పేరు, మొదటి అక్షరం నుంచి చివరిదాకా.

పక్కనే ఇంకో అట్ట ఉంది. అది దురద మాత్ర. మధ్యాహ్నం అన్నం తినగానే భారతమ్మ వేస్తుంది. ట్రైనింగులో సిస్టర్ ఒకసారి చెప్పింది, ముసలివాళ్లకు దురద మాత్రలు కూడా తల తిప్పిస్తాయని. సంగీత ఆ అట్టను కూడా కాసేపు చేతిలో పట్టుకుని, తిరిగి పెట్టేసింది.

గుడ్డ సంచి మాత్రం పెట్టలేదు. తన టిఫిను సంచిలో అడుగున దోపింది. రేపు సాయంత్రం సబ్ సెంటర్ సిస్టరమ్మకు చూపిస్తే, ఆదెమ్మ పేరు చెప్పకుండానే ఏం చెయ్యాలో అడగొచ్చు అనుకుంది. మాత్రలు దొరక్కపోతే ఈలోగా ఆమె తేరుకుంటుందనీ అనుకుంది. అంతవరకే ఆలోచించింది.

మర్నాడు సంగీత ఆటో దిగేసరికి ఇంటి ముందు రామ్‌చందర్ మోటారుసైకిలు ఉంది.

లోపల ఆదెమ్మ మంచం మీద కూర్చుని వణుకుతోంది. రవికె చెమటకు తడిసి ఒంటికి అతుక్కుంది. "చీమలు... గోడ నిండా చీమలే, దులపండే," అంటూ ఖాళీ గోడకేసి చెయ్యి విసురుతోంది. వెంకటరామారావు ఆమె భుజాలు పట్టుకుని ఉన్నాడు. ఊళ్లో అందరికీ ఇంజెక్షన్లు ఇచ్చే రామ్‌చందర్ మందు సిరంజిలోకి లాగుతున్నాడు.

"మతి పూరా పోయింది సార్. గిది ఇస్తే నిద్రపోతది. లేస్తే మల్లొకటి ఇద్దాం."

"వద్దు డాక్టర్ సాబ్!" సంగీత గుమ్మంలోంచే అరిచింది. "ఇప్పుడేం ఇయ్యొద్దు. అమ్మమ్మ ఒంట్ల ఏమేం మందులున్నయో ఎవ్వరికీ ఎరుక లేదు. భద్రాచలం పెద్ద దవాఖానాకు తీస్కపోదాం."

"ఒంట్లో ఏమున్నాయంటే?" భారతమ్మ ఆమె వైపు తిరిగింది. "ఏం మందులు? ఏం తెలుసు నీకు?"

సంగీత చెయ్యి భుజాన ఉన్న టిఫిను సంచిని గట్టిగా పట్టుకుంది. చెప్పనని మాట ఇచ్చింది. భారతమ్మ కళ్లు ఆ సంచి మీద పడ్డాయి. లాక్కుంది. గిన్నె, నీళ్ల సీసా, దువ్వెన మంచం మీద గుమ్మరించింది. చివర్లో గుడ్డ సంచి పడింది.

"చూడండి!" గులాబీ అట్ట ఎత్తి పట్టుకుంది. "చూడండి దీని పని! మా అత్తకి ఏం పెడుతున్నావే నువ్వు? పడుకోబెట్టి నీ పాటికి నువ్వు కూర్చోడానికా? నమ్మి ఇంట్లోకి రానిచ్చాం గదే!"

తండాలో తండ్రి హేమ్లా, 'మంచి ఇల్లు బిడ్డా, జాగ్రత్తగ చెయ్యి' అన్న మాట సంగీతకు ఎందుకో గుర్తొచ్చింది. వెంకటరామారావు ఆ అట్ట తీసుకుని రామ్‌చందర్‌కు చూపించాడు. "ఏం మందండీ ఇది?"

రామ్‌చందర్ అట్ట చూశాడు. సిరంజి పళ్లెంలో పెట్టాడు. అట్టను బోర్లా తిప్పి మంచం మీద పెట్టి, మూతి తుడుచుకున్నాడు.

"అది నాది."

అందరూ మంచం వైపు తిరిగారు. ఆదెమ్మ పళ్లు కొట్టుకుంటున్నాయి. మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది. అయినా కళ్లు గోడ మీద లేవు, కొడుకు మీద ఉన్నాయి.

"నాదిరా రామారావూ. రెండేళ్ల నించీ... నేనే తెప్పించుకుంటన్నా. ఆ పిల్ల... నా రొండిన ఉంటే చూసింది. నేనే చెప్పొద్దన్నా. దాన్నేం అనొద్దు."

మతి లేదని అంతా అనుకుంటున్న మనిషి మాట. కావాలంటే కొట్టిపారేయొచ్చు. వెంకటరామారావు తల్లి మొహంలోకి చూశాడు, ఒక్క క్షణం. తరవాత కారు తాళాల కోసం జేబు తడుముకున్నాడు.

"మందులు, ఇంట్లోయి అన్నీ, ఏదీ మిగలకుండ ఒక కవర్ల వెయ్యున్రి సార్," అంది సంగీత. ఆమె చేతులు అప్పటికే ఆదెమ్మకు పొడి చీర చుడుతున్నాయి.

సారపాక దాటి బ్రిడ్జి ఎక్కేసరికి వరద గోదారి నలభై ఒక్క అడుగుల మట్టంలో, ఎర్రగా, దుంగలను మోసుకుపోతోంది. వెనక సీట్లో ఆదెమ్మ తల సంగీత ఒళ్లో ఉంది. ముందు సీట్లో భారతమ్మ ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

దవాఖానాలో డాక్టర్ భార్గవి వయసులో చిన్నది. ముందు సెలైను పెట్టించి, బీపీ చూసి, తరవాత కవరులోని అట్టలన్నీ బల్ల మీద పరిపించింది.

"రాత్రి మాత్ర ఎవరిస్తారు?"

"నేనేనండి," అన్నాడు వెంకటరామారావు. "డాక్టరు గారు రాసినట్టే. ఒక్కటే ఇస్తా."

"దురదకి?"

"నేను," అంది భారతమ్మ. "మధ్యాహ్నం ఒక్కటి."

"ఈ గులాబీవి?"

"నేనే వేసుకుంటానమ్మా," మంచం మీద నుంచి ఆదెమ్మ. "దడ వస్తే ఒక్కటి."

"రోజుకెన్నిసార్లు వస్తుంది పెద్దమ్మా దడ?"

ఆదెమ్మ వేళ్లు మడవసాగింది. "పొద్దున లేవగానే. అన్నం తిన్నాక. సందేళ. రాత్రి మెలకువొస్తే..." నాలుగో వేలు దగ్గర ఆగి, తనే ఆశ్చర్యపోయినట్టు ఆ వేలును చూసుకుంది.

డాక్టరు తెల్ల అట్టనూ గులాబీ అట్టనూ పక్కపక్కన జరిపింది. "ఈ రెండూ ఒకటే మందు. మీ ముగ్గురూ ఎవరికి వాళ్లు ఒక్కటే అనుకున్నారు. ఆవిడ ఒంట్లో మాత్రం అన్నీ కలిసి అయిదూ ఆరూ అయ్యాయి. దురద మాత్ర వాటికి తోడు. ఆ తూలడం, నోరెండటం, ఆ మత్తు, చాలావరకు వీటి వల్లే."

"అయితే మతిమరుపు జబ్బు కాదా?" వెంకటరామారావు ముందుకు వంగి అడిగాడు.

"ఇప్పుడే చెప్పలేను. ఇవి తగ్గాక చూస్తేనే తెలుస్తుంది. కానీ ఇవి ఉండగా ఎవరికైనా అలాగే ఉంటుంది, మీకైనా, నాకైనా." డాక్టరు సంగీత వైపు తిరిగింది. "నువ్వేనా కనిపెట్టింది?"

"అవ్ మేడం. చిన్న అక్షరాలు చూసిన. నిన్న ఆ సంచి నేనే తీస్కపోయిన."

"నిన్న ఆ సంచి తీసి దాచేశావు చూడు, అది తప్పు. ఈ మందులు ఒక్కసారిగా ఆపకూడదు. ఫిట్స్ కూడా రావచ్చు. ఆ వణుకు అందుకే."

సంగీత గోడకు ఆనుకుంది. మంచి చేస్తున్నాననుకున్న చేతితోనే ఆ ముసలమ్మను ఎక్కడిదాకా తోసిందో అప్పుడు అర్థమైంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. డాక్టరు చూసింది.

"కూర్చో ముందు. తెలియక చేశావు, ఇప్పుడు తెలిసింది. మందులన్నీ మూటగట్టి ఇక్కడికి పట్టుకొచ్చావు గదా, సగం మంది ఆ పని చెయ్యరు. తగ్గించే లెక్క నీకే చెప్తాను. రాసుకో."

వెంకటరామారావు కుర్చీ తెచ్చి వేశాడు. "కూర్చో తల్లీ," అన్నాడు. ఆ మాటకు, ఆ కుర్చీకి, తప్పును తప్పని చెప్పి కూడా కాగితం తన చేతికే ఇచ్చిన ఆ డాక్టరుకు, సంగీత ఆ రోజంతా మనసులోనే దండం పెట్టుకుంటూ ఉంది.

మూడు రోజులు వార్డులో ఉన్నారు. తరవాత ఇంటికొచ్చి, గులాబీ అట్టలు మాని, వాటి బదులు కూడా అదే మందున్న తెల్ల అట్టవే, అవీ డాక్టరు చెప్పిన వేళలకు చెప్పినంతే. రెండు వారాలకోసారి కొంచెం కొంచెం తగ్గింపు. మాత్రలన్నీ ఒకే డబ్బాలో, ఒక్కరి చేతి మీదే. దురద మాత్ర పోయింది, కొబ్బరినూనె వచ్చింది. పోతయ్యకు విషయం చెబితే అతను పాల క్యాను కింద పెట్టి, "నాకేం ఎరుక తల్లీ, పెద్దమ్మ అడిగింది, తెచ్చిన," అని కళ్లు తుడుచుకున్నాడు.

అంతా ఒక్కసారిగా బాగైపోలేదు. ఆదెమ్మకు నిద్ర సరిగ్గా రావడం లేదు. ఒక్కోరోజు చిరాకు పడి సంగీతను పొమ్మంది కూడా. కానీ నెల తిరగకముందే గడపలు తనంతట తానే పట్టుకుని దాటుతోంది. ఒక పొద్దున, సంగీత చెప్పులు విడుస్తుండగానే అడిగింది.

"సంగీతా, మీ నాన్న పేరు హేమ్లానా?"

ఆ నోట తన పేరు వినడం అదే మొదటిసారి. "అవ్ అమ్మమ్మా. మీకెట్ల ఎరుక?"

"మా మిరప కల్లంలో చేశాడు, కుర్రాడప్పుడు. చెయ్యి నెమ్మది. నీకూ అదే వచ్చింది." ఆదెమ్మ పక్కకు జరిగి చోటిచ్చింది. "రాత్రి మళ్లీ నిద్ర లేదే. మూడింటికే లేచి కూర్చున్నా. మావాడూ లేచొచ్చాడు. వాళ్ల నాన్న సంగతులు చెప్పుకున్నాం తెల్లారేదాకా. వాడితో అట్టా మాట్టాడి ఎన్నేళ్లయిందో. నీ చలవే తల్లీ."

సంగీత ఆమె వెనక చేరింది. దువ్వెన తీసి చిక్కు విప్పడం మొదలుపెట్టింది.

భారతమ్మ మాత్రం ఆ నెలంతా పని మాటలు తప్ప వేరే మాట మాట్లాడలేదు. సంగీత కళ్లలోకి చూసేది కాదు. సంగీత కూడా అడగలేదు. ఆ రోజు మంచం మీద గుమ్మరించిన గిన్నె చప్పుడు ఆమెకు అప్పుడప్పుడు వినపడేది. పని చేసుకుపోయేది.

ఒక మధ్యాహ్నం సంగీత పెరటి మెట్ల మీద కూర్చుని తింటుంటే భారతమ్మ వచ్చి పక్కన, అదే మెట్టు మీద కూర్చుంది. తరవాత కొంగు ముడి విప్పి ఒక అట్ట తీసి, ఇద్దరి మధ్యా గచ్చు మీద పెట్టింది.

"ఇది చదువు."

సంగీత ఎడమ చేత్తో అట్ట తిప్పింది. వేలు జరుపుకుంటూ చదవాల్సిన పని లేకపోయింది. ఆ అక్షరాలు ఇప్పుడు ఆమెకు చూడగానే తెలుస్తాయి. అదే మందు.

"ఎన్నొద్దుల నించమ్మా?"

"ఏడాదిన్నర. అత్తయ్య రాత్రి లేస్తుందేమో, ఎక్కడ పడుతుందోనని చెవి అటే ఉండేది. నిద్రపట్టేది కాదు. రామ్‌చందర్ ఇచ్చాడు. మొదట్లో ఒక్కటే." ఆమె కొంగు కొనను వేలికి చుట్టుకుంది. "ఆ రోజు డాక్టరమ్మ అడుగుతుంటే నా సంగతి చెప్పలేకపోయాను. నీ సంచి విప్పి అన్ని మాటలన్నా. నా కొంగులో ఇది పెట్టుకుని."

కోడలు నిద్ర చెడకూడదని అత్త వేసుకుంది. అత్తను కనిపెట్టుకుని ఉండలేక కోడలు వేసుకుంది. ఒకే ఇంట్లో, గోడకటూ ఇటూ. సంగీత తినడం ఆపి కంచం పక్కన పెట్టింది.

"ఇవాళ్టి నుంచి పారేస్తాను," అంది భారతమ్మ.

"వద్దమ్మా!" సంగీత గబుక్కున అట్ట మీద చెయ్యి పెట్టింది. "ఒక్కసారి మానొద్దు. నేనా తప్పు జేసిన, మీరు చెయ్యొద్దు. రేపు పొద్దున బస్సుకు భార్గవి మేడం దగ్గరికి పోదాం. నేనొస్త. సారుకు మాత్రం మీరే చెప్పున్రి."

భారతమ్మ తలూపింది. కళ్లు తుడుచుకోలేదు.

"ఆ రోజు నీ సంచి విప్పకుండా ఉండాల్సింది సంగీతా."

"విప్పిందే మంచిదైందమ్మా," అంది సంగీత. ఆ మాట అన్నాకగానీ తన మనసులో ఏ కోపమూ మిగల్లేదని ఆమెకే తెలియలేదు. "నేను నోరిప్పకపోతిని. మీరు సంచి విప్పకపోతే అమ్మమ్మ మాట్లాడకపోయేది. ఇయ్యాల మనం గిట్ల కూసోకపోయేటోళ్లం."

భారతమ్మ లేచి లోపలికి వెళ్లింది. గిన్నెతో పెరుగు తెచ్చి, వద్దంటున్నా వినకుండా సంగీత కంచంలో వేసి, తను కూడా ఒక కంచం పెట్టుకుని మళ్లీ ఆ మెట్టు మీదే కూర్చుంది.